మానేసిన పిడికెడు

స్తుతి వాళ్ళ నాయనకు, కోసిగి నుంచి విశ్వాసమ్మ వందనాలు. అందరం బాగున్నాం, దిగులు పడొద్దు. ఫోన్‌కు రీచార్జి వేయించడం మానేశాను, అందుకే ఈ కార్డు.

సబ్బు కొనకుండా కుంకుడు రసంతో బట్టలు ఉతుకుతున్నాను. దోమలకు వేపాకు పొగ వేస్తున్నాను. ఆ పొదుపులోనే, పూటపూటా వండేముందు చర్చికని తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా ఆపేశాను. మొన్న ఆదివారం ఉత్త చేతుల్తోనే చర్చికి పోయాను. ఆరాధన అయ్యాక సంఘపెద్ద జయపాలన్న ఒక సంచి బియ్యం తెచ్చి మన గడపలో దించాడు.

"లేక కాదన్నా, పొదుపు చేస్తాండా" అన్నాను.

"ఏ ఇల్లయినా దేవుని పిడికెడు మానుకునేది అన్నిటికంటే ఆఖర్న కదమ్మా. పెట్టుకో" అన్నాడు.

డబ్బాలో బియ్యం అడుగంటిన మాట నిజమే.

ఆడ మిరపకాయల కోత ఇంకెన్నాళ్ళుండాది? మేస్త్రీ కూలి సరిగా ఇస్తున్నాడా? కడుపు కట్టుకొని దుడ్లు పంపొద్దు, వేళకు తిను. చినిగిన చొక్కాలు పారేయకుండా తీసుకురా, అత్త బొంత కుడుతోంది. స్తుతి రోజూ ప్రార్థనలో నీ పేరు చెబుతోంది. ప్రభువు నీకు తోడుగా ఉండాలి.

పొద్దున ఆ సంచి విప్పాను. ఎసట్లో పోయకముందే, మొదటి పిడికెడు తీసి పక్కన పెట్టాను.

విశ్వాసమ్మ