ముఖం కాదు, చేతులు

పిట్టకి ప్రింటింగ్ డిప్లమా పాఠాలు చెప్పే మాస్టారికి,

పిట్ట నాయనమ్మ చెప్పి రాయించే ఉత్తరం. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే పిట్టే రాస్తోంది. దాన్ని తిట్టే చోట కలం ఆగితే నెత్తిన మొట్టి రాయిస్తున్నాను.

నిన్న మీరు క్లాసులో దీన్ని నిలబెట్టి, పెద్ద ప్రెస్సులో ఆరునెలల ట్రైనింగుకి పంపే జాబితాలోంచి నీ పేరు తీసేశానన్నారట. ఆ ఉద్యోగాల సైటులో ఒక్కొక్కరికీ యాభైమంది పరిచయస్తులు ఉండాలట, దీనికి నలుగురే ఉన్నారట. అది ఇంటికొచ్చి తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. తప్పు దానిది కాదు. నాది. ఆ మాటకొస్తే నాదీ కాదు, వినండి.

ఇంట్లో ఫోను ఒక్కటే. పగలంతా నా బైండింగు షాపులో, జిగురు గిన్నె పక్కన ఉంటుంది. మీరు ఆ సైటులో దీనికి పేజీ తెరిపించిన దగ్గర్నుంచి టింగు టింగుమని ఒకటే గోల. ఎవరెవరో పరిచయం కావాలంటున్నారు. ఔనంటే ఇక్కడ నొక్కు, కాదంటే ఇక్కడ నొక్కు అని చూపించి ఇది కాలేజీకి పోయింది. ఎవర్ని ఔననాలో మాత్రం చెప్పలేదు.

నలభై ఏడేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను. పనికోసం నా షాపు మెట్టెక్కినవాళ్లని ఏం చదివావని ఎన్నడూ అడగలేదు. చేతులు చాపమంటాను. వేళ్లకి సూది పోట్లున్నాయా, గోళ్లలో జిగురుందా, అంతే. ఇక్కడా అదే అడిగాను. మాట రికార్డు చేసి పంపే మీట ఒకటుందిగా. వచ్చిన ప్రతివాళ్లకీ పంపాను: "ముఖం బాగానే ఉంది బాబూ, చేతులు ఫొటో తీసి పంపు." పిట్ట లెక్కపెట్టింది, రెండొందల పన్నెండుమంది. పంపింది నలుగురు. మిగతావాళ్లని కాదన్నాను. అందరూ కోట్లేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే. చేతులు చంకల్లో దాచుకున్నవాడు ఏం పని చేస్తాడు మాస్టారూ?

కాబట్టి దాని పేరు మళ్లీ ఎక్కించండి. శిక్ష వేస్తే నాకు వేయండి. షాపు పొద్దున్న ఎనిమిదికి తెరుస్తాను.

ఇట్లు వేలిముద్ర,
పిట్ట నాయనమ్మ

*

గౌరవనీయులైన నాయనమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం పిట్ట ఇచ్చి, నేను విప్పేలోపే వరండా చివరికి పారిపోయింది. మా ప్రిన్సిపాల్ గారికి వచ్చిన చేతుల సందేశం ఎవరిదో ఇప్పుడర్థమైంది. ఆయన పంపిన పేరు కూడా చూడకుండా దాన్ని స్టాఫ్ మీటింగులో అందరికీ వినిపించి, ఇది వేలిముద్రలు దొంగిలించే ముఠా, జాగ్రత్త అని హెచ్చరించారు. నేనూ తలూపాను.

అమ్మా, ఆ సైటు షాపు కాదు. అక్కడ పరిచయమంటే దారిలో ఎదురైనవాళ్లకి తలూపడం లాంటిది. ఎంతమందికి తలూపితే అంత మంచిది. రేపు ఉద్యోగం ఎవరి నోట వస్తుందో ఎవరికి తెలుసు? అందుకే పిల్లలకి యాభై అని రూలు పెట్టాం.

ఇంకో సంగతి. అనుభవం ఉన్నవాళ్లెవరిదైనా ఒక సిఫార్సు పెట్టమంటే పిట్ట మీది పెట్టింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "ఇది నా మనవరాలు. నిదానంగా కుడుతుంది, కానీ తిన్నగా కుడుతుంది. జిగురు రెండింతలు పూస్తుంది. అట్ట మూల మడవడం మూడుసార్లు చెప్పినా రాలేదు. కోపం ఎక్కువ, అది మా వంశంలోనే ఉంది." మిగతా పిల్లలందరూ 'అంకితభావానికి మారుపేరు' అని పెట్టుకుంటే, దీన్ని చూసి పిట్టని ఎవరు తీసుకుంటారు చెప్పండి?

దయచేసి అది మార్పించండి. ఇంకో నలభై ఆరుమందిని ఔననండి. జాబితా శుక్రవారం ఖాయమవుతుంది. మొదట నన్నే ఔనంటారని నా చెయ్యి ఫొటో కూడా పంపుతున్నాను.

మీ శ్రేయోభిలాషి,
పిట్ట మాస్టారు

*

ప్రియమైన మాస్టారికి,

మార్చను.

మీ అంకితభావం సంగతి పిట్టని అడిగి తెలుసుకున్నాను. క్లాసులో ముప్ఫైమందికీ అదే మాటట. నా డబ్బా నువ్వు కొట్టు, నీ డబ్బా నేను కొడతానని ఒకరికొకరు రాసుకున్నారట. నేనూ అలాగే రాయిస్తే ఏమవుతుంది? అక్కడి మేస్త్రీ మొదటిరోజే దీని చేతికి జిగురు కుంచె ఇస్తాడు. అరగంటలో నా మాట అబద్ధమని పుస్తకమే చెప్పేస్తుంది. ఆ తరవాత తిన్నగా కుడుతుందన్న మాట కూడా ఎవరూ నమ్మరు. ఆ ఒక్క నిజాన్నీ చేజేతులా పోగొట్టుకోమంటారా?

నలుగురేనా అని చులకన చేశారు. ఒకావిడ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు అతుకుతుంది. ఒకాయన కాగితాలు కోసే మెషీను బ్లేడ్లకి సానపడతాడు. ఒక చేతికి రెండు వేళ్లు లేవు, ఉన్న మూడింటికీ ఫొటో తీసి పంపాడు. బ్లేడు మొద్దుబారితే చప్పుడు ఎలా మారుతుందో మొన్న పిట్టకి ఫోన్లో గంటసేపు చెప్పాడు. ఒకమ్మాయి మ్యాపులు మడిచే చోట పనిచేస్తుంది. నాలుగోవాడు వంటవాడు, దారి తప్పి వచ్చాడు. చేతులు మంచివని ఉండనిచ్చాను. మీ యాభైమందిలో ఈ పిల్లకి గంటసేపు పని చెప్పేవాడు ఒక్కడుంటే చూపించండి.

ఇక మీ చెయ్యి. పిట్ట చేత పెద్దది చేయించి చూశాను. బొటనవేలి మొదట్లో వంకర గాటుంది. అది కాగితాల బొత్తి కోసే కత్తి గాటు. ఊరికే కూర్చున్నవాడికి రాదది. నువ్వు బల్ల దగ్గర నిలబడి పనిచేసినవాడివి నాయనా. మరి ఆ బుద్ధి ఎక్కడ పారేసుకున్నావు? పిల్లల్ని బల్ల దగ్గర నిలబెట్టక, తలలూపుకు రమ్మని వీధుల్లోకి తోలుతున్నావే.

ఔనన్నాను. అయిదోవాడివి నువ్వు.

ఇట్లు వేలిముద్ర,
పిట్ట నాయనమ్మ

*

ప్రియమైన నాయనమ్మగారికి,

గాటు నిజమే. పద్దెనిమిదో ఏట, మా మామయ్య ప్రెస్సులో. మా ఆవిడకి కూడా సైకిలు మీంచి పడ్డానని చెప్పాను.

శుక్రవారం ప్రెస్సు నుంచి ట్రైనింగు ఆఫీసరు వచ్చారు. ఆవిడ జాబితాలోని పన్నెండుమంది పేజీలూ చదివి, కళ్లజోడు తీసి, "వీళ్లు పన్నెండుమందా, ఒక్కరేనా?" అన్నారు. పక్కనే ప్రిన్సిపాల్ గారు. మీ ఉత్తరం నా జేబులో ఉంది. "జాబితాలో లేని పేజీ ఒకటుంది, చూస్తారా మేడం?" అనేశాను. ప్రిన్సిపాల్ గారు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆవిడ మీ సిఫార్సు చదివి అక్కడికక్కడే మీకు ఫోను చేశారు. మీరు ఎవరని కూడా అడక్కుండా "ముందు చేతులు చూపించు, తరవాత మాట్లాడు" అన్నారు. పాపం, ఆవిడ వీడియో పెట్టి చూపించారు. పిట్ట గురించి అడిగితే మీరు జిగురు సంగతీ, మూలల సంగతీ మళ్లీ చెప్పారు. ఈసారి మూడుసార్లు కాదు, ఏడుసార్లు చెప్పినా రాలేదన్నారు. ఇక పిట్ట పని అయిపోయిందనుకుని నేను కిటికీవైపు తిరిగాను. చివర్లో ఆవిడ, "ఈ సిఫార్సు టైపు చేసిందెవరమ్మా?" అన్నారు. "నాకు చదవడం రాయడం ఎక్కడ వచ్చు, ఆ పిల్లే" అని మీరు పెట్టేశారు.

ఆవిడ మీ సిఫార్సు ఇంకోసారి చదివారు. తరవాత అన్నారు: "ఆ పెద్దావిడకి చదవడం రాదు. ఈ పిల్ల ఏం రాసుకున్నా పట్టుకునేవాళ్లు లేరు. అయినా మూడుసార్లు చెప్పినా రాలేదని తన గురించి తనే, తన చేత్తోనే రాసింది. జిగురు తగ్గించడం మేం నేర్పుకుంటాం. ఇది మేం నేర్పలేం." అని పదమూడో పేరు రాసుకున్నారు. సోమవారం పొద్దున్న ఎనిమిదికి రమ్మన్నారు.

పిట్టకి ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది అదే కదా. అలాగే తెలియనీ అనుకున్నాను.

మీ అయిదోవాడు

*

ప్రియమైన నాయనకి,

నీ ఉత్తరం పిట్ట గడగడా చదువుతూ సగంలో ఆగిపోయింది. ఏమే అంటే ఆఫీసరమ్మ అన్న మాట మళ్లీ మొదట్నుంచి చదివింది. ఆ తరవాత మిగతాది చదివించాను.

అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. పాలవాడి కొలతనీ, కరెంటు మీటరునీ అనుమానించే మనిషిని. దీనితో ఇన్ని రాయించాను కదా, నేను చెప్పిందే రాస్తోందా అన్న అనుమానం ఏ రోజూ తట్టలేదు. అందుకని కూర్చోబెట్టి అడిగాను.

"నిజం చెప్పు. ఆ సిఫార్సు వేరేగా రాయాలనిపించలేదూ?"

"రాశాను నాయనమ్మా" అంది.

"ఏమని?"

"మూలలు మహా చక్కగా మడుస్తానని. జిగురు ఊసే ఎత్తలేదు."

"మరెందుకు కొట్టేశావే?"

"ఏదీ, చదువు అంటావనుకున్నాను. రాసిందొకటి, నీ ముందు చదివేదొకటి. అది నా వల్ల కాలేదు."

"నేను చదవమన్నానా?"

"లేదు. జిగురు కలుపుకుంటూ కూర్చున్నావు. అడుగుతావేమోనని చాలాసేపు చూశాను."

ఇదంతా దాని చేతే రాయిస్తున్నాను. తల పైకెత్తకుండా రాస్తోంది. ఈసారి మొట్టలేదు.

సోమవారం పంపుతున్నాను. కోపమొస్తే దాన్ని కాసేపు వదిలేయమని, తనే దారికొస్తుందని ఆఫీసరమ్మకి చెప్పు. మీ ప్రిన్సిపాల్ నీ జోలికొస్తే నాకు కబురు పెట్టు, నేనొచ్చి మాట్లాడతాను.

రాయడం అయిపోయింది. మామూలుగా అయితే ఇక్కడ ముద్ర వేసి, మడిచి కవర్లో పెట్టమంటాను. ఇవాళ మాత్రం మొదట్నుంచీ చదివి వినిపించమన్నాను. అనుమానం ఉండి కాదు. దాని గొంతులో వినాలని ఉంది.

ఇట్లు వేలిముద్ర,
మీ అందరి నాయనమ్మ