పాస్టరుగారి గిటారు రంగు

12 జూలై 1984, గురువారం

పాస్టరుగారి గిటారుకు తేనెరంగు పట్టించి, లక్క పాలిష్‌తో అద్దంలా మెరిపించాను. సాయంత్రం ఆయన వచ్చి చూసి, "మస్తాన్ గారూ, ఇది గిటారా, మిరపపండా? తేనెరంగు కదండీ నేనడిగింది" అన్నారు.

"ఇప్పుడు ఇదే ఫ్యాషనండి" అన్నాను. పాపం, నమ్మి పట్టుకెళ్లారు.

నాకు ఈ రంగుల పని నేర్పిన మా గురువు పప్పుచారులో కారం ఎంతో రంగు చూసే చెప్పేవాడు; రుచి చూడడం కళ్లు లేనివాళ్ల పని అనేవాడు. బతికుంటే నన్నేమనేవాడో.

కంటి నరం ఎండిపోతోంది, మందు లేదన్న డాక్టరు మాట ఇంట్లో చెప్పలేదు. రేపు మరో గిటారుకు రంగు వేయాలి. తేనెరంగు, ఎర్రరంగు సీసాలు రెండూ బల్బు కింద పెట్టి ఎంత చూసినా ఒకటిగానే ఉన్నాయి. చివరికి మా ఆవిడను పిలిచి, "వీటిలో ఎర్రది ఏదే?" అన్నాను.

వేళాకోళమనుకుని నవ్వుతుందనుకున్నాను. సీసా చూపించలేదు, ఏడ్చింది.