మీరొచ్చిన ఆదివారాలు

ప్రియమైన పిండిబొమ్మగారికి,

ఫోనులో చెబితే ఏదో ఒకటి అని నవ్వించి మాట దాటేస్తారు. అందుకే ఉత్తరం. మన పిచ్చుకకి మళ్ళీ ఆయాసం వచ్చింది. మీరున్నప్పుడు ఉత్త దగ్గే అనుకున్నాం కదా, మీరు బస్సెక్కిన గంటకి గుండెల్లో ఈల మొదలైంది. డొక్కలు ఎగరేస్తూ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల "అమ్మా, గాలి లోపలికి రావట్లేదు" అంటే నా ప్రాణం పోయినంత పనైంది. డాక్టరమ్మ జలుబేమో అని సిరప్పు ఇచ్చింది. ఎప్పుడెప్పుడు వస్తోందో రాసి పెట్టమంది. పోయిన నెల నాలుగు, పద్దెనిమిది, ఈ నెల ఒకటి. రాశాను గానీ నాకేమీ అర్థం కాలేదు.

మీ దొరసాని

ప్రియమైన దొరసానికి,

ఈసారి రావడం కుదరదు. బేకరీలో ఓవెన్ పాడైంది, మేస్త్రీ ఎప్పుడొస్తాడో తెలీదు. దుప్పట్లు ఎండలో వెయ్యి. మళ్ళీ ఆయాసం వస్తే ఆలస్యం చెయ్యకు. పిల్ల ఎలా ఉందో రాస్తూ ఉండు.

నీవాడు

ఏమండీ,

"ప్రియమైన" అని రాయబుద్ధి కాలేదు. మీరొచ్చి నెల దాటింది. పిచ్చుక బాగుంది, ఒక్క దగ్గు లేదు. కానీ ఆదివారం పొద్దున్నుంచీ మెట్ల మీదే కూర్చుంటోంది. "నాన్నకి నా మీద కోపమా?" అని అడిగింది. ఓవెన్ పాడైతే మీ బ్రెడ్డు మన వీధి కొట్టుకి రోజూ ఎలా వస్తోంది? ఒక్కరోజు కూడా ఆగలేదన్నాడు కొట్టాయన. నా చెవిలో పువ్వులు పెట్టకండి. ఇంకెవరైనా ఉంటే ఉందని రాసెయ్యండి, ఏడ్చి ఊరుకుంటాను. పిల్లకి మాత్రం మీరే చెప్పుకోండి.

ఇట్లు,
మీ భార్య, ఇప్పటికింకా

దొరసానీ,

ఇంకెవరూ లేరు. నా మొహానికి నువ్వు దొరకడమే ఎక్కువ. నువ్వు రాసిన తేదీలు మళ్ళీ చూడు. మూడూ నేనొచ్చిన ఆదివారాలే. ఇక్కడ ముప్పై ఏళ్ళుగా పిండి కలిపే పెద్దాయన గుండెల్లోనూ అదే ఈల. స్నానం చేసినా నా చెవుల్లో, గోళ్ళలో పిండే. దాన్ని మోసుకొచ్చి పిల్లని ఎత్తుకుంటున్నాను. నేను రాని నెల అది బాగుందని నువ్వే రాశావు. వేరే పని దొరికేదాకా రాను. నిజం చెబితే రమ్మంటావు, నాకూ వచ్చెయ్యాలనిపిస్తుంది. అందుకే అబద్ధమాడాను. పిచ్చుక ఇంకా నా గురించి అడుగుతోందా?

నీవాడు

ప్రియమైన మూర్ఖశిఖామణికి,

మీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చి, తర్వాత పిచ్చుకని వెంటబెట్టుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాను. "పిండి కూడా కావచ్చు. ఆయన వచ్చినప్పుడు ఇంకేం జరుగుతుంది?" అంది. "ఏముందండీ, ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు. ఆయన వాళ్ళ యజమాని నడక నడిచి చూపిస్తారు, ఇది నేల మీద దొర్లుతుంది" అన్నాను. ఆవిడ కలం పక్కన పెట్టి "ఏదీ, ఒకసారి నడవండి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. చేతిసంచి పొట్టకి ఆనించుకుని, నడుం వెనక్కి వంచి, ఆ గదిలో అటూ ఇటూ నడిచాను. పిచ్చుక విరగబడి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు వెనకే ఈల. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, మందు పీల్పించింది. పావుగంటకి ఈల పోయింది. ఆస్తమా కావచ్చట. కొందరు పిల్లలకి గట్టిగా నవ్వినా, పరిగెత్తినా వస్తుందట. కొన్నాళ్ళు మందు వాడి చూశాక ఖాయంగా చెబుతానంది. పిండి సంగతి కూడా పరీక్ష చేస్తుందట. అందాకా మీరు అక్కడే తలారా స్నానం చేసి, ఉతికిన బట్టల్లో రండి. "మరి నవ్వకుండా చూసుకోవాలా?" అని అడిగాను. "హాయిగా నవ్వనివ్వండి, మందు అందుకే" అంది.

నెల రోజులు పిల్ల బాగుందని రాశాను చూడండి, ఆ నెలంతా అది నవ్వనే లేదు. పక్కనే ఉండి గమనించలేదు నేను.

ఇకనుంచి ముందు మందు పీల్చి, తర్వాతే మీకు తలుపు తీస్తుందట. ఆదివారం తలుపు కొట్టి, కాస్త ఆగండి. మందు లోపల నిలవడానికి ఊపిరి బిగబట్టి ఉంటుంది, నేను పదిదాకా లెక్కపెట్టాలి.

మీ దొరసాని