ప్రొయెట్టి తాతగారి ఇంటిపేరు

ప్రొయెట్టి తాతగారూ,

మీరు పోయి మొన్నటికి ఏడాది. మీరున్నా ఈ తెలుగు చదవలేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

జర్మనీలో, ఈ డార్మ్‌స్టాట్‌ ఊళ్ళో మీ పై వాటాలో అద్దెకు దిగిన మొదటి వారమే, మా వరంగల్ అలవాటు కొద్దీ, "ప్రొయెట్టి అంటే ఏ ఊరు తాతగారూ?" అని అడిగాను. మాకు ఇంటిపేరంటే చాలావరకు ఊరి పేరే. మీరు కాఫీ కలుపుతూనే చెప్పారు.

"ఊరు కాదమ్మా. పారేసిన బిడ్డ అని అర్థం. మా ముత్తాతను రోమ్‌లో అనాథాశ్రమం గుమ్మంలో వదిలేసి పోయారు. అక్కడివాళ్ళు పెట్టిన పేరు."

అడిగినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

కరోనా వల్ల మీ అంత్యక్రియలకు ఇంట్లోవాళ్ళను తప్ప ఎవరినీ రానివ్వలేదు. నిన్న మీ మనవరాలు లారా రిజిస్టర్ పెళ్ళికి కూడా ఇద్దరు అతిథులకే అనుమతి. మీ స్థానంలో నన్ను కూర్చోబెట్టింది. కిటికీలన్నీ తెరిచిపెట్టారు, ఒకటే చలి. పెళ్ళయ్యాక ఇద్దరికీ ఏ ఇంటిపేరు ఉండాలని రిజిస్ట్రారమ్మ అడిగింది. పెళ్ళికొడుకు జర్మన్ అబ్బాయి. మీ ఇంటిపేరుకు అర్థమేమిటో లారా అతనికి ముందే చెప్పిందట. మాస్కు సర్దుకుని, లారాకంటే ముందు అతనే జవాబిచ్చాడు.

"ప్రొయెట్టి. నాకు ఆ పేరు కావాలి."