మన చేని నల్ల ఉలవలు

నాంపల్లి, హైదరాబాదు
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు,

నీ పాదాలకు దణ్ణం పెట్టి నీ పెద్ద కూతురు కమల రాస్తున్నది. నేను బాగున్నాను. ఒంట్లో బాగుంది, పని బాగుంది, వేళకు అన్నం తింటున్నాను. ఈ మూడో మాట నువ్వు నమ్మవని తెలుసు, అయినా రాస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న దగ్గు తగ్గిందా? నాయనమ్మకు నిద్ర పడుతున్నదా? ఎర్రావు ఈనిందా? అన్నీ రాయించు.

చెల్లీ సీతా, అమ్మకు ఈ ఉత్తరం నిదానంగా చదివి వినిపించు. నడుమ నవ్వొచ్చే చోటు ఒకటుంది. అక్కడ నవ్వుతూ కూర్చోకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ చలి తగ్గింది. మధ్యాహ్నాలు ఎండ చురుక్కుమంటున్నది కానీ మన వైపు లాగా చెమట పట్టదు, పెదవులు మాత్రం పగులుతున్నాయి. నేనుండే ఇంటి రుక్కమ్మ గారు కన్నతల్లిలాగే చూసుకుంటున్నారు. కాచకుండానే పచ్చిపులుసు చేస్తారు, మొదట్లో ఇదేం పులుసనుకున్నాను, ఇప్పుడు నేనే అడిగి వేయించుకుంటున్నాను. మొదట నా మాట విని వాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు నేనూ వాళ్ళలాగే “ఔ” అంటున్నానని నవ్వుతున్నారు. పొద్దున్నే నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచి వెళతాను. భయమేమీ లేదు, నాతోపాటు ఎందరో ఆడపిల్లలు కోఠి కాలేజీకీ ఆఫీసులకూ నడుస్తూనే ఉంటారు. దిగులు మాత్రం ఆదివారాలు వస్తుంది. అందుకే ఆదివారాలు నీకు రాస్తాను.

ఇక అసలు సంగతి. నువ్వు సుబ్బయ్య మామ చేత పంపిన ఉలవల సంగతి.

నేను చేసే పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. అందరి రక్తమూ చూడటానికి ఒకే ఎరుపే గానీ అందులో రకాలున్నాయి. ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించే ముందు అది ఏ రకమో చూడాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తేడా పట్టే గుణం కొన్ని గింజల్లో ఉంది. అమ్మా, మన ఉలవల్లో ఉంది. ఉలవలు పిండిచేసి, ఉప్పునీళ్ళలో కలిపి, వడకట్టి, ఆ నీటి చుక్కను ఒక రకం రక్తపు చుక్కతో కలిపితే, నున్నగా ఉన్న రక్తం విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతుంది. వేరే రకమైతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇదంతా గింజలోని ఒక ప్రోటీను చేసే పని. గింజలో ప్రోటీన్లు ఎన్నో ఉంటాయి. వాటిలోంచి దీన్నొక్కదాన్నీ విడదీయాలి, ఇది రక్తాన్ని ఎలా గుర్తుపడుతున్నదో తెలుసుకోవాలి. పై దేశాల్లోనూ ఇప్పుడు ఈ పని జరుగుతున్నది. మా సార్ దాన్ని ఇక్కడ, ఆబిడ్స్ వెనక ఒక పాత మేడ మీద, చేస్తున్నారు.

అందులో నా వంతు ఇన్నాళ్ళూ గాజు సామాను కడగడం, ఉప్పునీళ్ళు కలపడం, ఐసు తేవడం. ప్రోటీనుకు వేడి పడదు. మా ఐసుపెట్టె ఎప్పుడు మొరాయిస్తే అప్పుడు నేను మొజంజాహీ మార్కెట్‌కు పోయి, ఐస్‌క్రీం అంగట్లో ఐసు కొని, రంపపు పొట్టు పోసిన గోనెసంచిలో రిక్షా మీద తెస్తాను. అంగడివాళ్ళు నన్ను చూడగానే “డాక్టరమ్మ వచ్చింది” అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషంగానూ ఉంటుంది, సిగ్గుగానూ ఉంటుంది. విడదీసే పని చేసేది నర్సింగరావు గారు. నాకంటే పెద్ద చదువు చదివినాయన, ఇక్కడివారే, మనసు మంచిది, నోరే ఊరుకోదు.

బజారు ఉలవలు నాలుగు ఊళ్ళవి కలిసినవి. ఒకరోజు బాగా పనిచేస్తాయి, ఒకరోజు చేయవు. ఒకే చేనిలో, ఒకే పంటలో పండినవి కావాలని ఒకరోజు సార్ అంటుంటే నేను ఆగలేకపోయాను. “మా రాళ్ళచేలో నల్ల ఉలవలు పండుతాయి సార్” అన్నాను.

సార్ కళ్ళద్దాల మీదుగా చూసి, “తెప్పించు కమలా. గవి మంచిగ పనిచేస్తే విడదీసుడు నీకే ఇస్తా. చెయ్యకపోతే మళ్ళ బజారు గింజలే, మళ్ళ నర్సింగరావే” అన్నారు.

అందుకే “పనికి కావాలి, కొత్త ఉలవలు పంపు” అని నీకు రాశాను. స్టేషన్ ఎదుట సత్రంలో సుబ్బయ్య మామ మూట చేతికిచ్చి, “ఇదుగో అమ్మాయ్, మీ అమ్మ ఎన్ని ముళ్ళు వేసిందో, నువ్వే విప్పుకో” అన్నాడు. నేను విప్పలేదు. అలాగే ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కి నేరుగా ల్యాబుకు వెళ్ళాను. ఆ రోజు నేను రిక్షాలో కూర్చున్న తీరు నువ్వు చూడాల్సిందమ్మా.

గింజలు చూసి అందరూ మెచ్చుకున్నారు. రాయీ మట్టీ లేకుండా నల్లగా నిగనిగలాడుతున్నాయి. నేనే తూచాను, నేనే పిండిచేశాను, నేనే వడకట్టాను. సార్, నర్సింగరావు గారు, తక్కినవాళ్ళు బల్ల చుట్టూ నిలబడ్డారు. గాజుపలక మీద రక్తపు చుక్క పక్కన నా చుక్క వేసి కలిపి, పలకను అటూ ఇటూ వంచాను.

ఏమీ కాలేదు. రక్తం నున్నగా అలాగే ఉంది. మళ్ళీ వేశాను. కొత్తగా వడకట్టి మళ్ళీ వేశాను. ఒక్క పలుకూ విడలేదు.

“ఏంది కమలా, మీ ఊరి ఉలవలు పట్నం జూసి బెదిరినయా?” అన్నారు నర్సింగరావు గారు. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు గానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “సరే, సోమవారం నుంచి బజారు గింజలతోటే చేద్దాం” అన్నారు. అంటే నా పని మళ్ళీ గాజు సామాను కడగడమేనని అర్థం.

అందరూ టీకి వెళ్ళారు. నేను రోలు కడుగుతూ ఉండిపోయాను. ఎక్కడ తప్పు చేశానో ఎంత ఆలోచించినా తెలియలేదు. మూట పక్కనే ఉంది. చేట ముందు కూర్చున్నప్పుడు రెండు గింజలు నోట్లో వేసుకోవడం నీ దగ్గర వచ్చిన అలవాటే కదా, అలాగే వేసుకున్నాను. పచ్చి ఉలవ పంటికి లొంగదు. ఇది పటుక్కున పగిలింది. నోటి నిండా నీ వంటింటి వాసన వచ్చింది.

సీతా, నవ్వొచ్చే చోటు ఇదే. అమ్మ ఆ ఉలవల్ని దోరగా వేయించి పంపింది! నల్ల గింజలు కావడంతో రంగు మారినట్టు ఎవరికీ కనిపించలేదు, పిండిచేసేటప్పుడు వాసన తగిలినా మన ఇంటి మూట వాసనే అనుకున్నాను. మూకుడు వేడికి ప్రోటీను చచ్చిపోయింది.

అమ్మా, నా చెయ్యి తప్పు లేదు, మన చేని తప్పు లేదు అని తెలియగానే ఎగిరి గంతేయాలనిపించింది. కానీ సార్ గది గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నన్ను చూసి నవ్వితే ఓర్చుకుంటాను. నిన్ను తలచుకుని నవ్వితే? గింజలు పాతబడ్డాయని చెప్పి ఊరుకుందామా అనుకున్నాను. అలా చెబితే రాళ్ళచేనికి చెడ్డపేరు, నా పనీ పోయినట్టే. లోపలికి వెళ్ళి, “సార్, అవి వేయించిన గింజలు. మా అమ్మ వేయించి పంపింది” అని గట్టిగానే చెప్పాను.

వెనకాలే వచ్చిన నర్సింగరావు గారు, “అరే! జర ఉప్పుకారం గూడ జల్లి పంపకపోయింది!” అని పడీపడీ నవ్వారు.

సార్ మాత్రం కుర్చీలోంచి లేచారు. “ఎట్ల ఏంచుతరు? ఇసుకలోనా, మూకుడులోనా?”

“మూకుడులో సార్. సన్నమంట మీద.”

“నర్సింగరావ్, నవ్వుడు ఆపి గిది రాసుకో. వేడిచేసిన గింజ పనిచెయ్యదని మనం ఎట్లయినా చేసి చూపియ్యాల్సిందే గదా? గా తల్లి మనకు చేసి పంపింది. ఇగ అదే చేని పచ్చి గింజలు పక్కన పెట్టి చూపిస్తే సాలు.” తర్వాత నా వైపు తిరిగి, “ఫికర్ చెయ్యకు. పచ్చివి దొరుకుతయా?” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను మొదట పట్నం వచ్చేటప్పుడు, చారు కాచుకోమని నువ్వు నా పెట్టెలో పెట్టిన చిన్న సంచి. ఉలవచారు కాచాలంటే పూటంతా పొయ్యి కావాలి, ఇంటివాళ్ళ పొయ్యి అంతసేపు ఎలా అడగనని దాన్ని మంచం కింద పెట్టి మరచిపోయాను. అప్పటికప్పుడు గదికి పరుగెత్తాను.

“ఏంది బిడ్డా, గీ యాళప్పుడు? పానం బాలేదా?” అని రుక్కమ్మ గారు కంగారుపడ్డారు.

“ఉలవల కోసం వచ్చానండీ!”

“ఉలవల కోసం ఉరుకుడేందే!”

సంచి విప్పితే సగం పుచ్చిపోయి ఉన్నాయి. ఇద్దరం చేట ముందేసుకుని మంచి గింజలు ఏరాం. “గుర్రాలకు వెట్టేటివి గివి. ఏం నౌకరో ఏమో, నాకైతే సమజ్ గాలే” అంటూనే ఆవిడ నాకంటే తొందరగా ఏరారు.

మర్నాడు బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను. ఎడమ దాంట్లో నువ్వు వేయించినవి, కుడి దాంట్లో పచ్చివి. రెండూ మన చేనివే. మాకు కావలసిన రకం రక్తం నర్సింగరావు గారిదని సార్ అన్నారు. ఆయన నోరు మూసుకుని వేలు చాపారు. సూది చూడగానే, “జర మెల్లగ గుచ్చు తల్లీ, నిన్న అన్నదంతా మాఫ్ చెయ్యి” అన్నారు. మెల్లగానే గుచ్చాను.

ఎడమవైపు చుక్క నున్నగానే ఉంది. కుడివైపు చుక్కను కలిపి పలక వంచానో లేదో, ఇసుక చల్లినట్టు ఎర్రటి పలుకులు విడిపోయాయి. బజారు గింజలతో అంత తొందరగా ఎప్పుడూ విడలేదు. అందరికంటే ముందు చూసింది నర్సింగరావు గారే. “విరిగింది సార్, విరిగింది! నా నెత్తురే నా మాట వినలే!” అని అరిచారు.

సార్ పలకను కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. “సోమవారం నుంచి కమల చేస్తది” అన్నారు. అంతే అన్నారు. నాకు అది చాలు.

ఆ సోమవారం నుంచి చేస్తున్నానమ్మా. వడకట్టిన నీళ్ళలో ఒక రకం ఉప్పు కొంచెం కొంచెంగా వేసి, ఐసు మధ్య పెట్టి ఓపికగా కలుపుతూ ఉంటే, ప్రోటీను తెల్లగా విడివడి అడుక్కు దిగుతుంది. మొదటిసారి దిగినప్పుడు ఊపిరి పీల్చడం మరచిపోయాను. ఇంకా చాలా పని ఉంది, ఇతర ప్రోటీన్లు దాన్ని వదలడం లేదు, ఏడాది పట్టినా పట్టవచ్చు. కానీ సీసా మీద చీటీలో నా పేరు ఉంది. నాన్నకు ఇంకో మాట చెప్పు. ఎవరూ కౌలుకు కూడా అడగని మన రాళ్ళచేని పేరు సార్ తన పుస్తకంలో ఇంగ్లీషులో రాసుకున్నారు. నీకు తన నమస్కారాలు రాయమన్నారు.

సుబ్బయ్య మామ తిరుగు ప్రయాణానికి ముందు నన్ను చూడటానికి వచ్చాడు. అమ్మ ఎందుకు వేయించిందని అడిగితే అప్పుడు చెప్పాడు. “మీ అమ్మ ఏమన్నదో తెలుసా అమ్మాయ్? ‘ఆఫీసులో ఉలవలతో పనేంది అన్నయ్యా? దానికి ఆకలేస్తున్నది. చెప్పడానికి మొహమాటపడి పని పేరు పెట్టింది. వేయించి పంపితే తొందరగా ఉడుకుతాయి, ఉడక్కపోయినా నములుకుంటుంది’ అన్నది” అన్నాడు. నేను నవ్వాను. ఆ తర్వాత నీళ్ళు తెచ్చే వంకతో లోపలికి వెళ్ళి కాసేపు రాలేదు.

నువ్వు వేయించిన గింజలు వృథా కాలేదు. రుక్కమ్మ గారు చారు కాచి ఇస్తే ల్యాబుకు తీసుకెళ్ళాను. నర్సింగరావు గారు మారు అడిగి పోయించుకున్నారు. గిన్నె నా దాకా వచ్చేసరికి అడుగున గరిటెడే మిగిలింది.

నాన్నకు, నాయనమ్మకు నా దణ్ణాలు. సుబ్బయ్య మామకు, అత్తకు అడిగానని చెప్పు. సీతా, లెక్కలు వదలకు.

సుబ్బయ్య మామ మళ్ళీ వచ్చేటప్పుడు రెండు మూటలు కట్టి ఇవ్వమ్మా. పెద్దది పచ్చి ఉలవలు, ఎండబెట్టి, పొయ్యి ముఖం చూపించకుండా. అవి ల్యాబుకు. చిన్నది నీ చేత్తో దోరగా వేయించినవి. అవి ల్యాబులో చూపించను, ఎవరికీ పంచను. నువ్వు మామతో అన్న మాట పూర్తిగా తప్పేం కాదు.

నీ దీవెనలు కోరే,
కమల