కొక్కేలు దించిన సాయంత్రం

గుంటూరు, మంగళవారం రాత్రి

సాయికి ప్రాణాపాయం లేదని సాయంత్రం 4.10కి డాక్టరు చెప్పారు. పుట్టినరోజు ఫ్లెక్సీ చించారన్న గొడవలో నిన్న పక్కవీధి కుర్రాడు అతన్ని కత్తితో పొడిచాడు. సాయికి పందొమ్మిదేళ్లు.

కబురు తెలిసినా ఆసుపత్రి బయట అతని స్నేహితులు కదల్లేదు. అందరూ మిర్చి యార్డు హమాలీలే. బస్తాలెత్తే ఇనప కొక్కేలు చేతుల్లోనే ఉన్నాయి. ఈలోపు వార్డు నాయకుడొకరు ప్రసంగానికి మైకుతో దిగారు.

సాయి తండ్రి వెంకటేశ్వర్లు యార్డులో వాళ్లకు మేస్త్రి. గేటు దగ్గరికొచ్చాడు.

"మైకు కట్టెయ్యండి సార్. లోపల పేషెంట్లున్నారు."

తర్వాత తువ్వాలు నేలమీద పరిచాడు. "ఒరేయ్, కొక్కేలు ఇందులో పడెయ్యండి. పొద్దున యార్డులో ఇస్తా."

"వాళ్లని ఊరికే వదిలేద్దామా మామా?"

"ఏరా, నీకూ లోపల మంచం వేయించమంటావా?"

ఎవరో నవ్వారు. కొక్కేలు ఒక్కొక్కటే తువ్వాల్లో పడ్డాయి. నాయకుడు కారెక్కారు. మళ్లీ వస్తారేమో, తెలియదు.

విలేకరిగా ఇలాంటి గేట్ల దగ్గర నిలబడి, ప్రతీకారంగా జరిగిన రెండో దాడి వార్త కూడా రాసి ఇంటికెళ్లిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ఇవాళ ఒక్క వార్తే రాశాను. ఆ మేస్త్రికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

రేపు ఉదయం ఎనిమిదింటికి, పొడిచిన కుర్రాడి తల్లి సాయిని చూడటానికి వస్తానంది. వెంకటేశ్వర్లు రమ్మన్నాడు.