డబ్బా అడుగున ఎవరి పేరు

గోదావరిఖని

చిరంజీవి రెజీనాకు చిన్నమ్మ సువార్త దీవెనలు.

ఫోన్ల చెప్తే గోడవతల కరీమున్నీసా వింటది, అందుకే ఉత్తరం. ఒక స్టీలు డబ్బా పార్శిల్ పంపుతున్న. నేను నాదంటున్న, ఆమె ఆమెదంటున్నది. అడుగున కొట్టించిన పేరు తోమి తోమి అరిగిపోయింది. ఇరవై ఏండ్లు కూరలు ఇచ్చిపుచ్చుకున్నోళ్లం, మూడు వారాల సంది మాటల్లేవు. ఇంకో పదిహేను రోజులకు వాళ్ల బిడ్డ జూహీ పెండ్లి. నా సంకల పెరిగిన పిల్ల. ఏ మొఖంతోని పోవాలె? గోడవతల పెండ్లి పాటలు వినవడ్తే ఏడుపొస్తున్నది.

నువ్వు ల్యాబుల ఇనుము, స్టీలు చూసుడే పని గద. 'సువార్త' అని ఉన్నదని కాయితం రాసి, ముద్ర గుద్ది పంపు.

నీ చిన్నమ్మ

తా.క.: చూసుడు కష్టమైతే చూడకు. ముద్ర మాత్రం గట్టిగ గుద్దు.

*

హైదరాబాద్

ప్రియమైన చిన్నమ్మకు రెజీనా నమస్కారాలు.

డబ్బాను మైక్రోస్కోపు కింద పెట్టాను. తోమిన గీతలైతే అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇవన్నీ ఒకే వైపు, లోతుగా ఉన్నాయి. ఎవరో కావాలనే ఆకురాయితో పేరు అరగదీశారు!

కంగారుపడకు. పేరు కొట్టిన దెబ్బకు లోపలి స్టీలు కూడా అణిగిపోతుంది. పైన అరగదీసినా ఆ అణుగు పోదు. రేపు యాసిడ్ అద్ది కొంచెం కరెంటు పంపిస్తాను. అణిగిన చోటు ఒకలా, మిగతా చోటు ఇంకోలా కరుగుతుంది. అక్షరాలు తేలతాయి. దొంగ దొరికినట్టే!

నీ రెజీనా

తా.క.: గీతల ఫొటో జతచేశాను. చిన్నాయన ఫిట్టరే కదా, చూపించు.

*

గోదావరిఖని

బంగారు తల్లి రెజీనాకు,

ఆగు బిడ్డా! దొంగను పట్టుమని నేనెప్పుడన్న? యాసిడ్ అంటివి, కరెంటంటివి, ఆ డబ్బా ఏం పాపం చేసింది? జల్ది వాపస్ పంపు. ఫొటో చూసి మీ చిన్నాయన 'ఇవి నా ఆకురాయి గీతలే' అన్నడు. షిఫ్టుకు పోకుండ నా దిక్కే చూస్తున్నడు.

భయంతో, చిన్నమ్మ

తా.క.: కరెంటు ఇంకా పెట్టలేదు గద?

*

హైదరాబాద్

చిన్నమ్మా,

నీ ఉత్తరం అందేలోపే పెట్టేశాను. పేరు తేలింది. సువార్త కాదు, కరీమున్నీసా కాదు. 'మార్తమ్మ'. మా అమ్మ! నేను పుట్టిన ఏడాది పోయిన డబ్బా అది. అమ్మ ఇప్పటికీ అప్పటి పాలాయన్నే తిడుతుంది.

అమ్మకింకా చెప్పలేదు. నువ్వు మాత్రం వెళ్లి కరీమున్నీసా ఆంటీకి నిజం చెప్పు. డబ్బా కోసం జూహీ పెళ్లి పోగొట్టుకుంటావా?

రెజీనా

తా.క.: కాగితం పంపుతున్నాను. ముద్ర గట్టిగానే గుద్దాను.

*

గోదావరిఖని

నా ప్రాణం తీసి మళ్ల పోసిన రెజీనాకు,

కాయితం పట్టుకొని గోడవతలికి పోయిన. 'డబ్బా నీది కాదు, నాది కాదు. మా మార్తక్క ఇంట్లకెల్లి ఎత్తుకొచ్చిన. పేరు నేనే అరగదీసిన' అని ఏడ్సిన. కరీమున్నీసా తలుపు దగ్గరకేసింది. కొడ్తదనుకున్న.

'మెల్లగ మాట్లాడు సువార్తా! మందమర్రి నుంచి మా ఆడబిడ్డ వచ్చి లోపల కూసున్నది. ఆమె ఇంట్ల నేను ఎత్తుకొచ్చిన డబ్బా ఇదే అనుకున్న' అన్నది.

ఇద్దరం నోట్ల కొంగు కుక్కుకొని నవ్వినం. జూహీ పెండ్లిల వడ్డనంత నా చేతుల మీదనే అయింది. సాగనంపేటప్పుడు నన్నే పట్టుకొని ఏడ్సింది పిల్ల.

నీ చిన్నమ్మ, పక్కన కరీమున్నీసా

తా.క.: పెండ్లింట్ల మాకిద్దరికి నాలుగు గిన్నెలు దొరికినయి. కరెంటు పెట్టినా పేరు తేలకుండ ఎంత లోతు అరగదియ్యాలెనో, కొంచెం లెక్క చూసి రాయి.